18 ఇళ్లు అడిగి దేశం లెక్క ఎలా చెబుతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గృహ వినియోగ వ్యయ సర్వే జరిగినప్పుడు ఒకతను ట్యాబ్ పట్టుకుని మూడు నెలల్లో మూడుసార్లు మీ ఇంటికి వచ్చాడు. ఉప్పు, చింతపండు దగ్గర్నుంచి ఫ్రిజ్, బైకు దాకా అన్నీ అడిగాడు. మీ బ్లాకులో, అంటే సర్వేకి ఎంచిన చిన్న ప్రాంతంలో, 18 ఇళ్లే అడిగారని మీకు తెలిసింది. పక్కింటివాళ్లేమో తోచిన అంకెలు చెప్పి పంపేశారు. ఇలాంటి సర్వేలతో ప్రభుత్వ లెక్కలు మెరుగుపడతాయా, వాటిని నమ్మొచ్చా, ఇంకోసారి వస్తే ఏం చేయాలి?

సమాధానం ముందే చెప్తాను. మెరుగుపడతాయి. ధరల సూచీలో ఏ వస్తువుకు ఎంత బరువు (జనం ఖర్చులో దాని వాటా) ఇవ్వాలి, ఎంతమంది పేదరికంలో ఉన్నారు, జనం తిండి మీద ఎంత పెడుతున్నారు, చదువు మీద ఎంత పెడుతున్నారు అనేవి ఇంటికి వెళ్లి అడిగితే తప్ప తెలిసే సంగతులు కావు. కాకపోతే లెక్క బాగుపడాలంటే ఇళ్ల సంఖ్య పెంచడం కన్నా అడిగిన ఇంట్లో సరిగ్గా అడగడం ముఖ్యం. నేను 1987 నుంచి 30 ఏళ్లకు పైగా ఈ సర్వేల ఫీల్డులోనే ఉన్నాను. మొదట ఇన్వెస్టిగేటర్‌గా ఊళ్లు తిరిగాను, తర్వాత ఇతరులు నింపిన షెడ్యూళ్లు (ప్రశ్నల పత్రాలు) స్క్రూటినీ చేశాను, వాళ్లు వెళ్లిన ఇళ్లకే మళ్లీ వెళ్లి తనిఖీ చేశాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

18 ఇళ్లు చాలవా?

మీ బ్లాకు గురించి చెప్పడానికైతే చాలవు. కానీ ఆ 18 ఇళ్లు మీ బ్లాకు గురించి చెప్పడానికి కాదు. 2023 ఆగస్టు నుంచి 2024 జూలై దాకా జరిగిన సర్వేలో దేశమంతా కలిపి 2,61,953 ఇళ్లు అడిగారు. అందులో 1,54,357 పల్లెల్లో, 1,07,596 పట్టణాల్లో. మీ 18 ఇళ్లు వెళ్లి ఆ కుప్పలో చేరాయి. 2011 జనగణన నాటికే దేశంలో దాదాపు 25 కోట్ల కుటుంబాలు ఉన్నాయి కదా, ఇవి ఏమూలకని అనిపిస్తుంది. నమూనా లెక్కలో గురి కుదరడానికి, మొత్తంలో ఎన్నో వంతు అడిగాం అనేదానికన్నా, అన్నీ కలిపి ఎన్ని ఇళ్లు అడిగాం, వాటిని ఎలా ఎంచాం అనేదే ముఖ్యం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం. అది అన్నం కాబట్టి. మన ఊళ్లు అన్నంలా ఉండవు, ముక్కల పులుసులా ఉంటాయి. గరిటె అడుగుదాకా పెట్టి తిప్పకుండా తీస్తే వట్టి పులుసే రావచ్చు, వట్టి ముక్కలే రావచ్చు. అందుకే ఇన్వెస్టిగేటర్ ముందుగా బ్లాకులో ప్రతి ఇంటికీ వెళ్లి లిస్టింగ్ చేస్తాడు. పల్లెలో ఎక్కువ భూమి ఉన్నవాళ్లు, కారు ఉన్నవాళ్లు, మిగతావాళ్లు అని విడదీస్తారు. పట్నంలో 10 లక్షలకు మించి ధర ఉన్న కారున్న ఇళ్లను వేరు చేస్తారు. ఆ తర్వాతే ఒక్కో గుంపులోంచి కొన్ని ఇళ్లు లాటరీ పద్ధతిలో వస్తాయి. ఏ ఇల్లు అడగాలో ఎంచుకునే అధికారం ఆ ఇన్వెస్టిగేటర్‌కు లేదు. ఉండకూడదు కూడా.

లిస్టింగ్ అనేది ఎవరూ మెచ్చుకోని పని. నాణ్యతలో సగం అక్కడే పోతుంది. ఒకసారి ఒక పట్టణం శివార్లలో తనిఖీకి వెళ్లాను. ఇటుక బట్టీ పక్కన పాతిక గుడిసెలు ఉన్నాయి. లిస్టులో ఒక్కటీ లేదు. "వాళ్లు మన ఊరివాళ్లు కాదు సార్, ఒడిశావాళ్లు" అన్నాడు కుర్రాడు. ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, పిల్లలు అక్కడే పడుకుంటున్నారు, నెలల తరబడి అక్కడే ఉంటున్నారు. నిబంధన ప్రకారం వాళ్లను రాయాల్సిందే. మనం రాయకపోతే వాళ్లు వాళ్ల ఊళ్లోనూ లెక్కలో ఉండరు, ఇక్కడా ఉండరు. ఆ రోజు లిస్టింగ్ మొత్తం మళ్లీ చేయించాను. దానికి రెండు రోజులు పట్టింది.

"ఖర్చు" అన్న మాటతోనే మొదలవుతుంది ఇబ్బంది

ఫీల్డులో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. కొత్తలో ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో ఒకావిడను అడిగాను: "ఈ నెలలో పాలకు ఎంత ఖర్చయిందమ్మా?" "ఏమీ కాలేదయ్యా" అంది. సున్నా వేశాను. పెసలకు? ఏమీ లేదు. మినుములకు? ఏమీ లేదు. నెయ్యి? లేదు. పది వస్తువులు అయ్యేసరికి ఆ ఇల్లు పస్తులుంటున్నట్టు తేలింది కాగితం మీద. లేవబోతుంటే చెంబుడు మజ్జిగ ఇచ్చింది. దొడ్లో గేదె కనపడుతూనే ఉంది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన భాషలో ఖర్చు అంటే చేతిలోంచి డబ్బు పోవడం. గేదె పాలకు, చేలో పండిన పెసలకు, అమ్మగారింటి నుంచి వచ్చిన కారానికి, డీలర్ దగ్గర ఉచితంగా తెచ్చుకున్న బియ్యానికి డబ్బు పోలేదు, కాబట్టి ఖర్చు లేదు. సర్వేకి కావాల్సింది వాడకం. కొన్నదీ, పండించుకున్నదీ, ఊరికే వచ్చిందీ అన్నీ. ఆ తర్వాత నేను ఎప్పుడూ "ఖర్చు" అని అడగలేదు. "ఈ నెలలో ఇంట్లో ఎన్ని పాలు వాడారు? అందులో కొన్నవెన్ని, సొంతవెన్ని?" అని అడిగేవాణ్ణి. ఆ ఒక్క మార్పుతో సున్నాలు పోయాయి.

పై ఆఫీసులో ఇంగ్లీషులోనో హిందీలోనో తయారైన ప్రశ్నను ప్రతి ఇన్వెస్టిగేటరూ గడప దగ్గర తనకు తోచిన తెలుగులోకి మార్చుకుంటాడు. శ్రీకాకుళంలో ఒకలా, కర్నూలులో ఒకలా, నల్గొండలో ఒకలా. ప్రశ్న తెలుగులోనే రాసి, నాలుగు ప్రాంతాల్లో జనం ముందు చదివి, వాళ్లకు ఏం అర్థమైందో చూసి ఖాయం చేయాలి. సర్వే నాణ్యత పెంచడానికి దీనికన్నా తక్కువ డబ్బుతో అయ్యే పని నాకు తెలియదు. శిక్షణలో ఎక్కువ సమయం సాఫ్ట్‌వేర్‌కి పోతోంది. ప్రశ్న అడిగే తీరుకు ఒక పూట కూడా మిగలడం లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కొలతలదీ ఇదే గొడవ. సోల, తవ్వ, మానిక, శేరు, పడి అని ఊరికో మాట ఉండేది. మాట ఒకటే అయినా గిన్నె ఒకటే కాదు. నేను సంచిలో చిన్న స్ప్రింగ్ కాటా పెట్టుకుని తిరిగేవాణ్ణి. "మానికెడు కందిపప్పు" అంటే ఆ ఇంటి మానికే తెప్పించి తూచేవాణ్ణి. ఇప్పుడు ప్యాకెట్లు వచ్చాక ఈ కష్టం తగ్గింది గానీ, కూరగాయలు "20 రూపాయలవి", ఆకుకూర "రెండు కట్టలు" అంటే ఇప్పటికీ అదే కథ.

ఇంట్లో పండిన దానికి ఏ ధర కట్టాలి? చేను దగ్గర రైతుకు పలికే ధర. కిరాణా కొట్టు ధర వేస్తే రైతు ఇల్లు లేని సంపదతో కనిపిస్తుంది. ఉచితంగా వచ్చిన బియ్యం, బడిలో ఇచ్చిన యూనిఫాం, బూట్లు లాంటి వాటికి విలువ కట్టి వేరే అంచనా కూడా ఇప్పుడు ఇస్తున్నారు. 2023-24లో పల్లెల్లో మనిషికి నెలకు సగటు వినియోగం 4,122 రూపాయలు. ఉచిత వస్తువుల విలువ కలిపితే 4,247. పట్టణాల్లో 6,996, కలిపితే 7,078. రెండు అంకెలూ విడిగా ఇవ్వడం మంచి పద్ధతి. చదివేవాడికి దేని గురించి మాట్లాడుతున్నామో తెలుస్తుంది.

ఎన్ని రోజుల సంగతి అడగాలి?

బయటివాళ్లకు చిన్న విషయంలా కనిపిస్తుంది. దేశంలో పేదలు ఎంతమంది అన్న లెక్కనే ఇది తారుమారు చేసింది.

ఈ వ్యయ సర్వే జాతీయ నమూనా సర్వేలో భాగం. అది 1950 అక్టోబరులో మొదలైంది. దశాబ్దాల పాటు ప్రధానంగా నడిచిన పద్ధతి, గత 30 రోజుల్లో ఏం వాడారని అడగడం. 30 రోజులైతే మనిషి మరిచిపోతాడు, 7 రోజులైతే బాగా గుర్తుంటుందనే వాదన వచ్చింది. 1999-2000లో జరిగిన 55వ రౌండులో (విడతలో) తిండి వస్తువులకు రెండూ పెట్టారు. ఒకే మనిషిని, ఒకే పేజీలో, పక్కపక్క గడుల్లో.

అప్పుడు నేను ఫీల్డులోనే ఉన్నాను. "ఈ వారంలో వంకాయలు ఎన్ని వాడారమ్మా?" "కిలో ఉంటాయి." "మరి నెలలో?" "వారానికి కిలో అన్నాగా, నాలుగు వేసుకో." అంతే. ఆవిడ నెలంతా గుర్తుచేసుకోవడం మానేసి గుణకారం చేసింది. అక్కడక్కడా ఇన్వెస్టిగేటర్లే ఆ గుణకారం చేసి పెట్టారు, రెండు గడులూ పొసగకపోతే పైనుంచి ప్రశ్న వస్తుందన్న టెన్షన్‌తో. మామూలుగా వారం లెక్కలో పరిమాణం ఎక్కువ వస్తుంది, నెల లెక్కలో తక్కువ వస్తుంది. పక్కపక్కన పెట్టేసరికి నెల లెక్క కూడా పైకి లేచింది. వాడకం ఎక్కువ కనపడితే పేదలు తక్కువ కనపడతారు. 1993-94లో 36 శాతం దగ్గర ఉన్న పేదరికం 26.1 శాతానికి పడిపోయిందని ప్రకటన వచ్చింది. అందులో నిజంగా తగ్గింది ఎంత, ప్రశ్న మారినందువల్ల తగ్గింది ఎంత అని ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఆంగస్ డీటన్, జా ద్రెజ్ లాంటి ఆర్థికవేత్తలు ఆ లెక్కను సరిచేయడానికి కూర్చున్నారు. డీటన్‌కు 2015లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన జీవితకాలపు పనిలో పెద్ద భాగం ఇలాంటి ఇంటింటి సర్వేలను చదవడమే.

2000లో రోజూ ఇంటికి వెళ్లి కొలిచి, ఆ కొలతతో వారం, నెల లెక్కలను పోల్చి చూసే చిన్న ప్రయోగం చేశారు. ఆ దారిలోనే ఇప్పుడున్న పద్ధతి వచ్చింది: నూనె, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు, మసాలా దినుసులు, బయట తిండి, పొగాకు, మద్యం లాంటివి గత 7 రోజులకు, బియ్యం, పప్పు, పాలు, చక్కెర, గ్యాసు లాంటివి 30 రోజులకు, బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్, బైకు లాంటి మన్నే వస్తువులు 365 రోజులకు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒకే ఒక్క ఉదాహరణ చాలు. 2011-12లో ఒకే ఏడాది, ఒకే దేశం. తిండిని 30 రోజులకు అడిగిన పాత పద్ధతిలో పల్లె సగటు 1,287 రూపాయలు. కొన్ని వస్తువులను 7 రోజులకు అడిగిన కొత్త పద్ధతిలో 1,430. జనం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఖర్చు పెట్టలేదు. ప్రశ్న మారింది, 143 రూపాయలు పెరిగింది. అందుకే రెండు సర్వేలను పోల్చేముందు, రెండిట్లో ఒకేలా అడిగారా అన్నది చూడాలి. ఏ టీవీ చర్చలోనైనా "ఇంత శాతం పెరిగింది" అంటుంటే నేను మొదట వెతికేది ఇదే.

దీనికి తోడు కాలం. సంక్రాంతి వారంలో అడిగితే ఒక లెక్క, ఆషాఢంలో అడిగితే ఒక లెక్క. మామిడి పండ్లు మే నెలలో అడగాలి, రేగుపండ్లు జనవరిలో అడగాలి. అందుకే సర్వే ఏడాది పొడుగునా నడుస్తుంది, ఊళ్లను నెలల వారీగా పంచుతారు. "డిసెంబరులో సెలవులు ఎక్కువ, జనవరిలో రెండూ కలిపి చేద్దాం" అనుకున్న చోట ఆ నెల లెక్క పోయినట్టే.

ఎవరిని అడిగారు?

ఇంటి ఇల్లాలికి బియ్యం, పప్పు, నూనె తెలుస్తాయి. భర్త పొద్దున హోటల్లో తిన్న ఇడ్లీ, నాలుగు చాయ్‌లు, సిగరెట్లు, సాయంత్రం మందు తెలియవు. తెలిసినా చెప్పదు. కాలేజీ పిల్లాడు ఫోన్‌లో ఆర్డర్ చేసుకున్న బిర్యానీ ఇద్దరికీ తెలియదు. ఇది చిన్న విషయం కాదిప్పుడు. 2023-24లో పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం అన్న పద్దు ఒక్కటే పట్టణాల్లో మొత్తం వినియోగంలో 11 శాతం దాకా ఉంది. మొత్తం తిండి వాటా 40 శాతం లోపే అంటే, తిండి లెక్కలో నాలుగో వంతుకు పైగా ఈ పద్దుదే. ఇల్లాలిని మాత్రమే అడిగితే ఆ నాలుగో వంతు సగమే దొరుకుతుంది.

నేను చేసిన పని ఒకటే. తిండి ప్రశ్నలు అయ్యాక "మీవారు ఎన్నింటికి ఉంటారు?" అని కనుక్కుని సాయంత్రం మళ్లీ వెళ్లేవాణ్ణి, పది నిమిషాల కోసం. కల్లు, సారా గురించి భార్య ముందు అడగకుండా అరుగు మీద కూర్చుని అడిగేవాణ్ణి. అంకె వచ్చేది. ట్యాబ్‌లో ఎన్ని కట్టుబాట్లు పెట్టినా ఈ రెండో నడక చేయించలేవు.

ఇక కుటుంబం అంటే ఎవరు? మామూలుగా కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. రేషన్ కార్డుల కోసం కొడుకులు కాగితం మీద వేరైపోయి, అందరూ తల్లి దగ్గరే తినే ఇళ్లు వందల్లో చూశాను. అక్కడ కార్డు చూసి రాస్తే నాలుగు కుటుంబాలు, పొయ్యి చూసి రాస్తే ఒకటి. వంటింట్లోకి ఒకసారి తొంగి చూస్తే తేలిపోతుంది.

భయం, విసుగు, గేటు

మీ పక్కింటివాళ్లు తోచింది చెప్పారన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. పల్లెలో "నిజం చెప్తే కార్డు తీసేస్తారేమో" అని తగ్గించి చెప్తారు. పట్నంలో ఇన్‌కమ్ టాక్స్ అనుకుంటారు. కొందరు పరువు కోసం పెంచి చెప్తారు. ఎక్కువమంది మాత్రం విసుగుతో చెప్తారు. 400 దాటిన వస్తువుల జాబితాను ఒకే దఫాలో కూర్చోబెట్టి రెండు గంటలు అడిగితే, చివరి వంద వస్తువులకు "లేదు, లేదు" తప్ప ఇంకేం వస్తుంది? నేను ఆ చివరి పేజీల్లో సున్నాల వరసలు చూసి చూసి ఉన్నాను. 2022-23 నుంచి తిండి ఒకసారి, వాడకం వస్తువులు, సేవలు ఒకసారి, మన్నే వస్తువులు ఒకసారి అని మూడుగా విడదీసి మూడుసార్లు రావడానికి కారణం ఇదే. మీకు అది తలనొప్పిగా అనిపించి ఉంటుంది, కానీ ఇన్నేళ్లలో ఈ సర్వేకి జరిగిన మంచి మార్పుల్లో అది ఒకటి.

అన్నిటికన్నా కష్టమైన చోటు హైదరాబాద్ లాంటి నగరాల్లో గేటెడ్ కమ్యూనిటీలు. సెక్యూరిటీ దాటనివ్వరు. ఇంటర్‌కమ్‌లో "ఇంట్రెస్ట్ లేదు" అనేస్తారు. పేదింటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, డబ్బున్న ఇంటి తలుపు మూసి ఉంటుంది. ఎంపికైన ఇల్లు ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు తీసుకుంటారు, కానీ ఒప్పుకున్న ఇల్లు ఒప్పుకోని ఇంటి లాంటిది కాదు. అలా పై వరస ఖర్చు సర్వేలో పలచబడుతుంది. జాతీయాదాయ లెక్కల్లో వచ్చే మొత్తం వినియోగానికీ, సర్వేలో వచ్చే మొత్తానికీ మధ్య ఎప్పుడూ ఉండే పెద్ద ఎడంలో ఇది ఒక భాగం. రెండిటి నిర్వచనాలూ వేరు కాబట్టి ఎడం మొత్తం తప్పు కాదు. సొంతింటివాళ్లకు ఇంటద్దె విలువ కట్టి జాతీయ లెక్కలో కలుపుతారు, సర్వే సగటులో కలపరు. అయినా నమూనాను రెట్టింపు చేసి ఈ లోటు తీర్చలేం. మూసిన తలుపులు రెట్టింపవుతాయి, అంతే. అసోసియేషన్ ప్రెసిడెంటుతో ముందుగా మాట్లాడటం, అధికారిక ఉత్తరం చూపించడం, ఆదివారం సాయంత్రం వెళ్లడం, ఇవే పనిచేశాయి నాకు.

అడిగే మనిషి సంగతి

ఫీల్డులో ఇప్పుడు కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలు చాలామంది. చురుకైనవాళ్లు, కష్టపడతారు. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషికి నెలకు ఇన్ని షెడ్యూళ్లు అని టార్గెట్ పెడితే ఏమవుతుందో ఒకసారి స్క్రూటినీలో చూశాను. ఒక బ్లాకులో తొమ్మిది ఇళ్లలో వెల్లుల్లి సరిగ్గా 200 గ్రాములే. ఇద్దరున్న ఇంట్లోనూ 200, ఏడుగురున్న ఇంట్లోనూ 200. ఇళ్లకు వెళ్లి అడిగితే నాలుగు ఇళ్లకు ఆ అబ్బాయి వచ్చిందే లేదు. ముందు కోప్పడ్డాను. తర్వాత అతను తిరిగిన ఊళ్లు, ఇచ్చిన గడువు లెక్కేసి చూస్తే, నిజాయతీగా చేసినా ఆ పని ఆ రోజుల్లో అయ్యేది కాదు. గడువు పెంచమని నేను రాసిన నోట్‌కు జవాబు రాలేదు.

ట్యాబ్ వచ్చాక ఏ ఇంట్లో ఎంతసేపు ఉన్నాడో కొంత తెలుస్తోంది, పొసగని అంకెలను అక్కడికక్కడే ఆపుతోంది. మంచిదే. కానీ మనిషి తప్పును పట్టుకునే పాత ఉపాయం ఒకటి ఇప్పటికీ నాకు అన్నిటికన్నా ఇష్టం. నమూనా సర్వేను మొదలుపెట్టిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1930లలో బెంగాల్ జనపనార పంట సర్వేల నాటికే చెప్పింది: నమూనాను రెండు ముక్కలు చేసి, రెండు వేరు బృందాలతో విడివిడిగా చేయించి, రెండు జవాబులూ పక్కన పెట్టి చూడండి. రెండూ దగ్గరగా వస్తే ధైర్యం. దూరంగా వస్తే తేడా ఊళ్లలో లేదు, మన పనిలో ఉంది. కేంద్రం వాళ్లతో పాటు రాష్ట్ర అర్థగణాంక శాఖ కూడా తన నమూనా చేయడం వెనక ఉన్న ఒక మేలు ఇది. రెండు ఫలితాలనూ కలిపి, పోల్చి, బయటపెట్టే అలవాటు బలపడాలి.

ఇదంతా బాగుచేస్తే మీకేంటి?

టీవీలో ద్రవ్యోల్బణం ఇంత శాతం అని వింటారు కదా. దానికి ధరలు ఒక్కటే చాలవు, ఏ వస్తువుకు ఎంత బరువు అన్నది కావాలి. 2012 ఆధారంగా నడిచిన వినియోగదారుల ధరల సూచీలో తిండి, పానీయాల బరువు 45.86 శాతం. అది 2011-12 సర్వే నుంచి వచ్చింది. 2017-18లో చేసిన సర్వే ఫలితాలను డేటా నాణ్యత బాగాలేదని 2019 నవంబరులో పక్కన పెట్టేశారు. నా అభిప్రాయం, లోపాలు చెప్పి అయినా డేటా బయట పెట్టాల్సింది. పరిశోధకులు చూస్తేనే లోపం ఎక్కడుందో తెలిసేది. ఫలితంగా 2011-12 తర్వాత పదేళ్లకు పైగా కొత్త లెక్క లేదు. ఈలోగా పల్లెల్లో తిండి వాటా సగం లోపుకు దిగింది: 2022-23లో 46 శాతం, 2023-24లో 47. ఇళ్లలో టేప్‌రికార్డర్ పోయి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. సూచీ మాత్రం పాత సంసారాన్నే తూస్తూ ఉండిపోయింది. రిజర్వ్ బ్యాంకు 4 శాతం లక్ష్యాన్ని చూసుకునేది ఆ సూచీ మీదే, మీ ఇంటి లోను వడ్డీ కదిలేది ఆ నిర్ణయం మీదే. 2024 ఆధారంగా తయారైన కొత్త సూచీకి బరువులు 2023-24 సర్వే నుంచి వచ్చాయి. అంటే మీరు ఓపిగ్గా చెప్పిన చింతపండు లెక్క కూడా అందులో ఉంది.

ఒక హెచ్చరిక. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ పల్లె సగటు 5,327, తెలంగాణ పల్లె సగటు 5,435 అని వచ్చింది. వంద రూపాయల తేడా చూసి ఎవరు ముందున్నారని వాదించుకోవడం అనవసరం. నమూనాకు ఉండే సహజమైన ఊగిసలాటలో అంత తేడా మామూలే. పట్టణాల్లో 7,182, 8,978 అంటే మాత్రం అది మాట్లాడుకోదగ్గ తేడా. మా జిల్లా అంకె ఏదని అడుగుతారు చాలామంది. ఆ సర్వే రాష్ట్రం దాకా చెప్పడానికి కట్టింది, జిల్లాకు విడదీస్తే అంకె వస్తుంది గానీ నిలవదు. 2025 జనవరి నుంచి నమూనా సర్వేల్లో జిల్లాను మూల విభాగంగా తీసుకోవడం మొదలైంది కాబట్టి ముందుముందు కొంత మెరుగవుతుంది. ఇంకో లోటు, పల్లెల జాబితా ఇప్పటికీ 2011 జనగణనదే. 2027 జనగణన పూర్తయి కొత్త జాబితా వచ్చేదాకా, 2011 తర్వాత పుట్టిన కాలనీలను లిస్టింగ్‌లో జాగ్రత్తగా పట్టుకోవాల్సిందే.

ఇంకోసారి వస్తే ఏం చేయాలన్నారు. మొదట గుర్తింపు కార్డు, ఉత్తరం అడగండి. ఆధార్ నకలు, బ్యాంకు వివరాలు, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వొద్దు, ఈ సర్వేకి వాటితో పనిలేదు. గణాంకాల సేకరణ చట్టం, 2008 ప్రకారం మీ ఇంటి వివరాలు మీ పేరుతో బయటపెట్టకూడదు, పన్నుకూ కార్డుకూ వాడకూడదు. తీరిక లేకపోతే తోచింది చెప్పొద్దు, "గురువారం సాయంత్రం రా బాబూ" అనండి, వస్తాడు. ఆ పూట ఇంట్లో ఇద్దరూ ఉండేలా చూసుకోండి. కరెంటు బిల్లు, గ్యాసు రసీదు, ఫోన్‌లో ఆర్డర్ల జాబితా దగ్గర పెట్టుకోండి. ఏదైనా గుర్తు రాకపోతే గుర్తు లేదనే చెప్పండి. మంచి ఇన్వెస్టిగేటర్ అయితే కుక్కర్ ఎప్పుడు కొన్నారని తేదీ అడగడు. దసరాకి ముందా, తర్వాతా అని అడుగుతాడు, మీకు చటుక్కున గుర్తొస్తుంది.